ఆ కారు తోక... ఈ కారుకు!

ఆగి ఉన్న కారుకు వెనక ఓ స్పాయిలర్ తగిలిస్తే చాలు, నిలబడి ఉన్నా పరుగెడుతున్నట్టే కనిపిస్తుంది. అందుకే కుర్రకారుకు అదంటే అంత మోజు. సొంత మోడల్‌కి దొరక్కపోతే వేరే మోడల్‌ది తెచ్చయినా సరే బిగించేస్తున్నారు. అంత తేలికైన పనేనా అది?

విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్లను విప్పి విడిభాగాలు అమ్మే దుకాణాల ముందు కాసేపు నిలబడితే ఓ సరదా బేరం చూడొచ్చు. ఎక్కడో గుద్దుకుని ముందుభాగం నుజ్జయిన పెద్ద కారొకటి తుక్కుకి వచ్చి ఉంటుంది. దాని డిక్కీ మీది స్పాయిలర్‌కి మాత్రం గీత కూడా పడి ఉండదు. చిన్నకారు కుర్రాడి కన్ను దాని మీదే!

'అన్నా, ఇది మన బండికి పడుద్దా?'

'పడదు తమ్ముడూ. పడేలా చేద్దాం.'

ఆ 'పడేలా చేద్దాం'లోనే ఉంది కథంతా. డిక్కీ వెడల్పు తేడా, వంపు తేడా, బోల్టు రంధ్రాల చోటు తేడా. అంతెందుకు, ఒకే పేరుతో వచ్చిన కార్లకే ఒకదానిది మరోదానికి కుదరదు. మనదేశంలో స్విఫ్ట్ 2005లో వచ్చింది. తర్వాత 2011, 2018, 2024ల్లో కొత్త తరం స్విఫ్ట్‌లు వచ్చాయి. నాలుగింటి పేరూ ఒకటే. వెనక డోరు మాత్రం ఏ తరానిది ఆ తరానిదే.

చెడగొట్టడమే దాని పని

స్పాయిల్ అంటే చెడగొట్టడం. మరి అది చెడగొట్టేదేమిటి? గాలి దారిని. కారుని పక్కనుంచి చూస్తే కింద చదునుగా, పైన వంపుగా ఉంటుంది. దాదాపు విమానం రెక్కలా అన్నమాట. ఆ వంపు మీదుగా పోయే గాలి వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. దాంతో వేగం పెరిగేకొద్దీ కారు వెనకభాగం తేలిపోవడానికి చూస్తుంది. టైర్లకు రోడ్డు మీద పట్టు సడలుతుంది. డిక్కీ చివర చిన్న గట్టులాంటిది పెడితే గాలి ఆ వాలు వెంట కిందికి జారకుండా అక్కడే విడిపోతుంది. గట్టు ముందు ఒత్తిడి కాస్త పెరుగుతుంది. పైకి లేపే బలం తగ్గుతుంది.

కాళ్ల మీద నిలబడి, పైనుంచీ కిందినుంచీ గాలి పోయేలా ఉండేది మాత్రం అసలు స్పాయిలరే కాదు. దాన్ని వింగ్ అంటారు. తిరగేసిన విమానం రెక్క. విమానాన్ని పైకి లేపే సూత్రమే ఇక్కడ కారుని కిందికి అదుముతుంది. మన షాపుల్లో రెంటినీ కలిపి స్పాయిలర్ అనే పిలుస్తారు, అది వేరే సంగతి.

1972 అక్టోబరులో ప్యారిస్ మోటార్ షోలో పోర్షే కంపెనీ 911 కరేరా ఆర్ఎస్ అనే కారుని చూపించింది. వెనక బాతు తోకలా పైకి లేచిన చిన్న మడత. రేసుల నిబంధన కోసం 500 కార్లు చేస్తే చాలనుకున్నారు. చివరికి 1,580 చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత మామూలు 911లున్న వాళ్లు కూడా ఆ తోకనే తెచ్చి పెట్టించుకోవడం మొదలెట్టారు. మోజుకి దేశం తేడా లేదు!

అయితే ఒక్క లెక్క మరవకూడదు. గాలి బలం వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఉండే బలంలో 40 దగ్గర ఉండేది తొమ్మిదో వంతే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో 30, 40 మధ్య ఈడ్చుకుంటూ పోయే కారుకి వెనక ఏ తోకున్నా ఒకటే. పైగా మన చిన్నకార్లలో ఎక్కువ వాటికి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాల్ని. వెనక బరువు పెట్టి అదిమితే ముందు చక్రాల మీద భారం ఎంతో కొంత తగ్గుతుందే తప్ప పెరగదు.

ఇంటిపేరు ఒకటే... అయినా కుదర్లేదు!

మెకానిక్ షెడ్డులో కుర్రాళ్లు పడే తిప్పలే అమెరికాలో క్రైస్లర్ లాంటి పెద్ద కంపెనీ కూడా పడింది. డాడ్జ్, ప్లిమత్ రెండూ ఆ కంపెనీవే. 1969లో డాడ్జ్ వాళ్లు రేసుల కోసం చార్జర్ డేటోనా తెచ్చారు. ముందు గద్ద ముక్కు, వెనక దాదాపు రెండడుగుల ఎత్తున వింగ్. 1970 మార్చి 24న టల్లడేగా ట్రాక్ మీద బడ్డీ బేకర్ దాన్ని గంటకు 200 మైళ్లు దాటించాడు. అంటే 320 కిలోమీటర్లకు పైనే.

అటుపక్క ప్లిమత్‌కి పేరు తెచ్చిన రిచర్డ్ పెట్టీ 1969లో ఫోర్డ్‌కి వెళ్లిపోయాడు. ఆయన్ని వెనక్కి రప్పించాలంటే ప్లిమత్‌కీ అలాంటి కారు కావాలి. తమ్ముడి చొక్కా అన్నకి తొడిగినట్టు డేటోనా ముక్కూ తోకా తెచ్చి రోడ్ రన్నర్‌కి పెట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది ఎవరికైనా. కానీ ముందు రెక్కలు ఆ ముక్కుకి కుదర్లేదు. దాంతో డాడ్జ్ వాళ్ల మరో కారు కోరొనెట్ నుంచి ఫెండర్లు, బానెట్ తెచ్చి వేయాల్సి వచ్చింది. వెనక వింగ్‌నీ మార్చారు. డేటోనాదాని కన్నా ఎత్తు పెంచి, వెనక్కి ఎక్కువ వాల్చారు. గాలి సాఫీగా పోవడానికి వెనకద్దం చుట్టూ అదనంగా రేకు అతికారు. ఆ అతుకులు కనిపించకుండా పైకప్పుకి వినైల్ తొడుగు వేశారు! అలా పుట్టిందే 1970 నాటి సూపర్‌బర్డ్. పెట్టీ తిరిగొచ్చాడు, కారు రేసులూ గెలిచింది. జనం మాత్రం ఆ తోకని చూసి జడుసుకున్నారు. పందొమ్మిది వందలకు పైగా చేస్తే చాలా కార్లు డీలర్ల దగ్గరే ఉండిపోయాయి. తోక పీకేసి మామూలు కార్లుగా అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు అవే కార్ల కోసం వేలంపాటల్లో పోటీలు పడుతున్నారు.

తోక లేక ముప్పు

స్పాయిలర్ అలంకారమేనని కొట్టిపారేయడానికీ వీల్లేదు. 1998లో ఆడి కంపెనీ టీటీ అనే కారు తెచ్చింది. వెనక నున్నగా, గుండ్రంగా ముద్దొచ్చేలా ఉండేది. స్పాయిలర్ లేదు. జర్మనీ హైవేల మీద 180 కిలోమీటర్లు దాటిన వేగంలో ఉన్నట్టుండి లేన్ మారితే వెనకభాగం అదుపు తప్పడం మొదలైంది. కొందరి ప్రాణాలు పోయాయి. కంపెనీ అమ్మేసిన కార్లను వెనక్కి పిలిచి డిక్కీ మీద చిన్న స్పాయిలర్ బిగించింది. దాంతోనే సరిపెట్టలేదు. సస్పెన్షన్ మార్చింది, కారు జారకుండా కాపాడే ఈఎస్‌పీ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటునీ చేర్చింది. తన కారుకి తాను తోక పెట్టడానికే కంపెనీ అంత చేసింది. మరో కారు తోకని అరగంటలో అంటించేసి 'ఇక హైవే మీద బండి అతుక్కుపోద్ది' అనుకుంటే ఎలా?

చట్టం సంగతీ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. డిక్కీ అంచుకి అతికే చిన్న పట్టీ వేరు, కారు వెడల్పుని దాటి పొడుచుకొచ్చే రెక్క వేరు. అనుమానముంటే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగేస్తే సరి. బీమా ఏజెంటుకీ ఓ మాట చెప్పాలి. కంపెనీ ఇవ్వని సామాన్లను పాలసీలో విడిగా చూపించకపోతే, పోయినప్పుడు వాటికి పరిహారం ఆశించలేం.

పడేలా చేయాలంటే...

ఇంత విన్నా మోజు తీరదు కొందరికి. తీరక్కర్లేదు కూడా. ఇష్టపడి కొనుక్కున్న బండి, కాస్త ముస్తాబు చేసుకుంటే తప్పేముంది? కాకపోతే ముందు అదే కారులో ఖరీదైన వేరియంట్‌కి కంపెనీ స్పాయిలర్ ఇస్తోందేమో చూడాలి. దొరికితే సగం తలనొప్పి వదిలినట్టే. లేదంటే మంచి టింకరింగ్ మేస్త్రీ చేతిలో పెట్టాల్సిందే.

తెలిసిన మేస్త్రీ అయితే రాగానే డ్రిల్లు పట్టుకోడు. డిక్కీ మధ్యలో గీత గీసి, అక్కణ్నుంచి రెండువైపులా కొలుస్తాడు. కాగితం పరిచి అచ్చు తీస్తాడు. స్పాయిలర్‌ని పెట్టి చూస్తే చివర్లు ఆనుతాయి, మధ్యలో వేలు దూరేంత సందు! ఏబీఎస్ ప్లాస్టిక్‌దైతే వేడిగాలితో కాస్త వంచొచ్చు, ఎక్కువైతే వంకర్లు పోతుంది. ఫైబర్‌దైతే పని బరువే కానీ నికరం. డిక్కీ రంగు పాడవకుండా టేపు వేసి, మైనం పూసి, దాని మీదే ఫైబర్ మ్యాట్, రెజిన్ పరిచి ఆరబెడతారు. డిక్కీ వంపు అచ్చుగుద్దినట్టు దిగుతుంది. దాన్ని స్పాయిలర్ అడుగున కలిపేసి, అరగదీసి, పుట్టీ, ప్రైమర్, రంగు. సందుని పుట్టీతో నింపేస్తానంటే ఒప్పుకోవద్దు. నెల తిరిగేసరికి ఎండకి, అదురుకి పగుళ్లిస్తుంది.

టేపా, బోల్టా అన్నది మరో తగువు. పలచటి పట్టీకి మంచి డబుల్ సైడ్ టేపు చాలు. అది పూర్తిగా పట్టుకోవడానికి మూడు రోజులు పడుతుంది. అందాకా బండి కడక్కూడదు. కాళ్లున్న వింగ్‌కి మాత్రం బోల్టులే దిక్కు. ఊడితే ఏమవుతుందో 1969 మే 4న బార్సిలోనా ఫార్ములా వన్ రేసులో తెలిసొచ్చింది. గ్రాహం హిల్, జోకెన్ రిండ్ట్ నడిపిన లోటస్ కార్ల వెనక రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి విరిగి, రెండు కార్లూ ట్రాక్ పక్కనున్న కంచెల్ని గుద్దుకున్నాయి. రిండ్ట్‌కి గాయాలయ్యాయి. హైవే మీద ఊడిన స్పాయిలర్ వెనకొచ్చే మోటార్‌సైకిల్ మీద పడితే ఇంకేమైనా ఉందా!

బిగించాక పాత బ్రేకు లైటు సంగతి చూడాలి. వెనకద్దంలోపల ఎత్తున ఉండే మూడో బ్రేకు లైటుకి కొత్త స్పాయిలర్ అడ్డొస్తే, వెనక బస్సు డ్రైవరుకి మనం ఆగుతున్నట్టు తెలిసే దారి ఒకటి తగ్గిపోయినట్టే. ఆ తర్వాత డిక్కీ ఎత్తి వదలాలి. డిక్కీని పైన నిలిపే స్ప్రింగులు, గ్యాస్ రాడ్లు దాని అసలు బరువుకి సరిపోయేలా చేసినవి. మరో రెండు మూడు కిలోలు ఎక్కితే అది నిలబడక ధబ్‌మని దిగొచ్చు. సామాన్లు సర్దుతున్న అమ్మ తల మీదో, పిల్లాడి వేళ్ల మీదో.

చివరగా తుప్పు. డ్రిల్లు వేసిన చోట ఇనుప రజను తుడవకుండా, అంచులకి ప్రైమర్ రాయకుండా, రబ్బరు వాషర్, సీలెంట్ లేకుండా బోల్టు బిగిస్తే ఆ రంధ్రమే కారుకి పుండవుతుంది. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలికి ఇంకా త్వరగా తినేస్తుంది. బయటికి చాలాకాలం ఏమీ కనిపించదు కూడా. అందుకే పని పూర్తయి, సీలెంట్ ఆరాక, డబ్బులిచ్చే ముందు డిక్కీ మూసి పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించాలి. తర్వాత డిక్కీ తెరిచి, మ్యాట్ ఎత్తి, స్టెప్నీ ఉండే గుంటలో చెయ్యి పెట్టి చూడాలి. తడి తగిలిందా, ఆ బోల్టులన్నీ విప్పించి మళ్లీ బిగించమనాల్సిందే.