వెండితెర మీద మంట... డాబా మీద చలిమంట!

1969లో వచ్చిన 'ఆరాధన'లో రాజేష్ ఖన్నా, షర్మిలా టాగోర్‌ల చుట్టూ కెమెరా తిరిగే పాట గుర్తుందా? పాటంతా ఒకే షాట్! అందులో మూడో పాత్ర గదిలోని మంటే.

అది చూశాక కుర్రకారుకి సరదా పుట్టదూ! చందర్లపాడు వైపు పుష్యమాసం రాత్రి డాబా ఎక్కితే చాలు... పైన చుక్కలు, పక్కన నేస్తాలు, నోట పాటలు. కట్టెలకి కరువా? పత్తి తీతలయ్యాక చేలల్లో పత్తికట్టె బోలెడు. కాకపోతే భగ్గుమని మండి ఆరిపోయే రకం. అంటించడానికి పత్తికట్టె, నిలబడడానికి ఎండు తుమ్మమొద్దు!

అయితే మంట నేరుగా స్లాబు మీద వేయకండి. కాంక్రీటులోని తేమ ఆవిరై పెచ్చులు టపటపా లేస్తాయి. ఇసుక పరిచి, రెండు వరసల ఇటుకలు పేర్చి, పైన పాత ఇనుప బాండీ పెట్టండి. కూర్చోడానికి పిట్టగోడ వారగా బల్లలు వేసుకోండి. నులకమంచమైతే ఆరడుగుల దూరంలో ఉండాలి. నైలాన్ ఓణీలు జాగ్రత్త! బకెట్టు నీళ్ళు పక్కనే ఉంచుకోండి.

ఇక అసలు సంగతి. చలి ముదిరిందని ఆ నిప్పుల బాండీని గదిలోకి తెచ్చి తలుపులు బిగించుకోవద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. విలన్ అంటే అదీ!

షూటింగులో మంట చుట్టూ యూనిట్ అంతా మెలకువగా ఉంటుంది. మన గదిలో అందరం నిద్రపోతాం. చలిమంటకి సెట్టింగ్ ఆకాశం కిందే బాగు!