ప్రాత యింటి వంకర గోడలు

మన ప్రాంతములందలి ప్రాత యిండ్లలో లోపలి గోడలు నిలువుగను నున్నగను ఉండుట యరుదు. ఒకచోట ఉబ్బును, ఒకచోట పల్లమును కనబడును. బీరువాను గోడకు జేర్చినచో పైన బెత్తెడు సందు మిగులును. వెంటనే సిమెంటు పూయించి సమము చేయింతమని పలువురు తలంతురు. అట్టివారికి మేము విన్నవించున దొక్కటియే: గోడ యేల వంకరయైనదో తెలియక పూత పెట్టరాదు, పెట్టునపుడు గోడకు తగిన పూతనే పెట్టవలెను.

వంకర మూడు విధములు. మొదటిది కట్టుబడిలోనే పుట్టినది. మట్టితోను, సున్నముతోను, సమముగాని రాళ్లతోను కట్టిన గోడకు ఇది సహజము. రెండవది పూత గోడను విడుచుటచే గలిగినది. వ్రేళ్లతో తట్టినచో అచ్చట బోలుగా మ్రోగును. మూడవది గోడయే యొరగుటచే గలిగినది. అపాయకరమైన దిదియే. బీటకు అడ్డముగా సన్నని కాగితము నంటించి, తేదీ వ్రాసి, ఒక వర్షకాలము కనిపెట్టవలెను. కాగితము చినిగెనేని గోడ యింకను కదలుచున్నదని గ్రహింపవలెను. నానాటికి ఉబ్బు హెచ్చుచున్నచో ఆగక వెంటనే ఇంజనీరును పిలువవలెను. అంతవరకు పిల్లలను ఆ గోడ ప్రక్కన పరుండనీయరాదు.

పిమ్మట చెమ్మను విచారింపవలెను. కప్పు కారుచున్నదా? వెలుపలి నేల లోపలి నేలకంటె ఎత్తైనదా? మురుగుకాలువ గోడ నానుకొని పోవుచున్నదా? వీనిని సరిచేయనిదే యే పూతయు నిలువదు.

హైదరాబాదునందలి చార్మినారు 1591లో సున్నముతో కట్టబడెను. పోర్ట్‌లాండు సిమెంటునకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ అనునతడు పేటెంటు పొందినది 1824లో. కావున మన ప్రాత యిండ్లు పెక్కు సిమెంటు నెరుగనివి. సున్నపు పూతయందలి సూక్ష్మరంధ్రముల గుండ గోడలోని చెమ్మ ఆవిరియై పోవును. గట్టి సిమెంటు పూత ఆ చెమ్మను లోపలనే బంధించును. కడకు తాను పెచ్చులుగా ఊడుచు మెత్తని గోడను గూడ ఊడదీయును. కనుక సున్నపు గోడకు సున్నము, మట్టి గోడకు మట్టి తగును.

ఇక పని క్రమము. వదులైన పూతను తీసి, దుమ్ము దులిపి, గోడను తడుపవలెను. పైనుండి తూకపుగుండును వ్రేలాడదీసి, నిడుపాటి బద్దను ఆనించి, మిట్టపల్లములను సుద్దతో గుర్తింపవలెను. లోతైన పల్లములను ముందుగా పూడ్చి, ఆరనిచ్చి, ఆపైన పూత పెట్టవలెను. ఒక్కొక్క పూత అరయంగుళమునకు మించరాదు, మించినచో బీటలువారును. తరువాతి పూత పట్టుటకై క్రింది పూతపై గీతలు గీయవలెను. సున్నపు పూతను కొన్నిదినములు తడిపి, నెమ్మదిగా ఆరనీయవలెను. సున్నము కన్నులకు హానికరము గావున పిల్లలను దూరముగా నుంచవలెను.

మరియొక జాగ్రత్త. ప్రాత తైలపు రంగులలో సీసముండవచ్చును. 2016వ సంవత్సరపు నియమములు ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లను మించరాదని విధించినవి. అంతకు ముందటి రంగులను నమ్మరాదు. పొడిగా గీకినచో లేచెడి దుమ్ము పసిబిడ్డల మెదడునకు చేటు. తడిపి గీకి, ఆ చెత్తను మూటగట్టి, నేలను తడిగుడ్డతో తుడువవలెను.

కదలక, చెమ్మ లేక నిలిచియున్న గోడకు కొంచెము వంకర యున్నను లోపము లేదు. దానిని అద్దమువలె చేయుటకు ధనము వెచ్చించుటకంటె, ఆ ధనముతో కారెడి కప్పును బాగుచేయించుట మేలు.