పలకల కంటే ముందు నీడ

మిద్దె మీద సోలార్ పలకలు పరిస్తే చాలు, భవనం తన కరెంటు తానే పండించుకుంటుందని చాలామంది నమ్మకం. ఢిల్లీలోని ఇందిరా పర్యావరణ భవన్‌ను గమనిస్తే లెక్క మరో వైపు నుంచి మొదలవాలని తెలుస్తుంది. 2014లో ప్రారంభమైన ఈ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాన్ని ఏడాదిలో వాడేంత విద్యుత్తు తానే తయారు చేసుకునేలా రూపొందించారు. పైన 930 కిలోవాట్ల పలకలున్నాయి. బహుళ అంతస్తుల భవనానికి అవి సరిపోవాలంటే ముందు వాడకం తగ్గాలి. అందుకే భవనంలోని రెండు భాగాల మధ్య విశాలమైన ముంగిలి వదిలారు. గాలి ఆడుతుంది, పగటి వెలుగు గదుల్లోకి చేరుతుంది. ఏసీ లాగిన వేడిలో కొంత భూమిలోకి పోతుంది. నా దృష్టిలో అసలు విజయం ఇక్కడే ఉంది.

రాత్రి కరెంటు గ్రిడ్ నుంచే కదా అన్న అభ్యంతరం నిజమే. ఇది ఏడాది మొత్తానికి వేసే జమాఖర్చు, గ్రిడ్ నుంచి విముక్తి కాదు. అయినా ఆఫీసుల్లో ఏసీలు ఎక్కువగా నడిచేది ఎండ కాసేటప్పుడే. హైదరాబాద్‌లో ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లకు ఈ లక్ష్యం అందదు. ఇళ్లు వందలు, పైకప్పు ఒక్కటి. కానీ పడమటి గోడకు నీడ, ఎండను తిప్పికొట్టే తెల్లటి పైకప్పు ఎవరికైనా సాధ్యమే. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఆ దిశలోదే.