రైలు చివరి దీపం

రైలు చివరి దీపం అనగా రైలుబండి చిట్టచివరి పెట్టె వెనుక భాగాన వెలిగే ఎర్రని దీపం. వాడుకలో దీనిని టెయిల్ ల్యాంప్ అని అంటారు. భారతీయ రైల్వేలలో రాత్రివేళ ఈ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. వెనుక వచ్చే బండికి ముందు బండి ఉనికిని తెలపడం దీని ఒక ప్రయోజనం. బండి పూర్తిగా వచ్చిందనీ, దారిలో ఏ పెట్టే విడిపోలేదనీ స్టేషను సిబ్బందికి తెలపడం రెండవ ప్రయోజనం. నమూనా రైళ్ళను తయారుచేసే అభిరుచి గలవారు చిన్న ఎలక్ట్రానిక్ వలయంతో ఈ దీపాన్ని తమ నమూనాలలో కూడా అమర్చుకుంటారు.

ఆవశ్యకత

రైలు మార్గాన్ని స్టేషన్ల మధ్య భాగాలుగా విభజిస్తారు. ఒక్కొక్క భాగాన్ని బ్లాక్ సెక్షన్ అంటారు. సంపూర్ణ బ్లాక్ పద్ధతిలో ఒక సెక్షన్‌లో ఒకే మార్గంపై ఒక సమయాన ఒక బండి మాత్రమే ఉండాలి. ముందు వెళ్ళిన బండి పూర్తిగా అవతలి స్టేషను చేరిన తరువాతనే వెనుక బండికి అనుమతి లభిస్తుంది.

ఇంజను వచ్చినంత మాత్రాన బండి మొత్తం వచ్చినట్లు కాదు. పెట్టెల మధ్య ఉండే కప్లింగు తెగినచో వెనుక భాగం సెక్షన్‌లోనే ఉండిపోతుంది. ఆ సంగతి తెలియక మరొక బండిని పంపితే ప్రమాదం తప్పదు. అందువలన బండి సంపూర్ణతకు చివరి పెట్టెపై ఉన్న గుర్తే సాక్ష్యం.

బండి రెండుగా విడిపోవడం వలన కలిగిన ప్రమాదాలలో ఐర్లండులోని ఆర్మా దుర్ఘటన ప్రసిద్ధమైనది. 1889 జూన్ 12న ఒక విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోగా, సిబ్బంది దానిని రెండు భాగాలుగా విడదీశారు. వెనుక పెట్టెలు పల్లానికి జారి, వెనుక వస్తున్న మరొక రైలును ఢీకొన్నాయి. సుమారు 80 మంది మరణించగా వారిలో చాలామంది పిల్లలు. అప్పట్లో ఆ మార్గంలో బండ్ల మధ్య కొంత సమయం విడిచి పంపే పద్ధతి మాత్రమే ఉండేది. అదే సంవత్సరం బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంతో ప్రయాణికుల మార్గాలలో బ్లాక్ పద్ధతి, బండి పొడవునా పనిచేసే బ్రేకులు తప్పనిసరి అయ్యాయి.

భారతీయ రైల్వేలలో

చివరి పెట్టెను గుర్తించడానికి భారతదేశంలో మూడు గుర్తులు వాడుకలో ఉన్నాయి.

- ప్రయాణికుల పెట్టె వెనుక పసుపు లేదా తెలుపు రంగుతో వేసిన పెద్ద ఇంటూ గుర్తు.
- ఎల్‌వి అనే ఆంగ్ల అక్షరాలు గల చిన్న పలక. ఇవి ఆఖరి వాహనం అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల మొదటి అక్షరాలు.
- రాత్రివేళ, దట్టమైన పొగమంచు ఉన్నపుడు ఆరుతూ వెలిగే ఎర్ర దీపం.

ఇంటూ గుర్తు చాలా పెట్టెలపై ఉంటుంది కనుక అది ఒక్కటే చాలదు. పలకను, దీపాన్ని మాత్రం ఆ ప్రయాణంలో నిజంగా చివరగా ఉన్న పెట్టెకే తగిలిస్తారు. ఇవి ఉన్నవో లేవో గార్డు చూసుకోవాలి. 2022 జనవరి నుండి గార్డు పదవికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. పూర్వం ఈ దీపాలు కిరోసిన్‌తో వెలిగేవి. తరువాత బ్యాటరీతో పనిచేసేవి, ఎల్‌ఈడీలతో తయారైనవి వచ్చాయి.

స్టేషను మాస్టరు బాధ్యత

బండి ఆగకుండా దాటిపోతున్నపుడు స్టేషను సిబ్బంది దాని చివరి గుర్తును చూడాలి. పగలు పలక, రాత్రి దీపం కనబడిన తరువాతనే వెనుక స్టేషనుకు సెక్షన్ ఖాళీ అయినట్లు తెలుపుతారు. గుర్తు కనబడకపోతే వెనుక సెక్షన్‌ను ఖాళీ చేసినట్లుగా ప్రకటించరాదు. ముందరి స్టేషనుకు వెంటనే తెలిపి ఆ బండిని ఆపించి తనిఖీ చేయించాలి. దీపం ఆరిపోయిందా, లేక పెట్టెలు విడిపోయాయా అన్నది తేలేవరకు ప్రమాదం ఉన్నట్లే భావిస్తారు.

బండిలో గాలి బ్రేకులు ఉన్నపుడు కప్లింగు తెగితే బ్రేకు గొట్టం కూడా తెగి, రెండు భాగాలకూ వాటంతట అవే బ్రేకులు పడాలి. అయితే తెగిన చోటుకు ముందున్న కాక్ మూసి ఉంటే గాలి ఒత్తిడి తగ్గిన సంగతి ఇంజనుకు తెలియదు. కనుక గాలి బ్రేకులు వచ్చిన తరువాత కూడా చివరి గుర్తు చూసే అవసరం పోలేదు. ఆక్సిల్ కౌంటర్లు అమర్చిన చోట్ల సెక్షన్‌లోకి వెళ్ళిన ఇరుసులను, బయటకు వచ్చిన ఇరుసులను యంత్రమే లెక్కించి పోలుస్తుంది.

తాడేపల్లిగూడెం మార్గం

తాడేపల్లిగూడెం స్టేషను (కోడు: టీడీడీ) హౌరా - చెన్నై ప్రధాన మార్గంలో విజయవాడ, విశాఖపట్నంల మధ్య ఉన్నది. కటకం నుండి విజయవాడ వరకు గల మార్గం ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో 1893 - 1896 మధ్య ప్రారంభమైంది. ఏలూరు నుండి తాడేపల్లిగూడెం సుమారు 48 కిలోమీటర్లు. భీమడోలు మొదలైన చిన్న స్టేషన్లు వీటి మధ్య ఉన్నాయి. ఈ మార్గానికి దక్షిణాన కొల్లేరు సరస్సు, దానిని ఆనుకొని వరిచేలు, చేపల చెరువులు ఉన్నాయి. పొడవైన సరకు బండ్లు, ఎక్స్‌ప్రెస్ బండ్లు ఒకే మార్గంలో ఒకదాని వెనుక ఒకటి నడిచే ఇటువంటి చోట చివరి దీపం ప్రాముఖ్యత ఎక్కువ. శీతాకాలపు వేకువలో చేలపై మంచు కమ్మినపుడు పెట్టె ఆకారం కనబడకపోయినా, ఆరుతూ వెలిగే ఎర్ర దీపం కంటికి తెలుస్తుంది.

ఇతర దేశాలలో

అమెరికాలో పూర్వం సరకు బండి చివర సిబ్బంది ఉండే కెబూస్ అనే పెట్టె ఉండేది. 1980వ దశకంలో దాని స్థానంలో చివరి కప్లింగుకు తగిలించే పరికరం విరివిగా వాడుకలోకి వచ్చింది. ఇది ఎర్ర దీపాన్ని మెరిపించడమే కాక, బ్రేకు గొట్టంలోని గాలి ఒత్తిడిని రేడియో ద్వారా ఇంజనుకు తెలుపుతుంది. అక్కడి నిబంధనల ప్రకారం దీపం 0.7 నుండి 1.3 సెకన్లకు ఒకసారి మెరవాలి.

నమూనా రైళ్ళలో

హెచ్ఓ నమూనాలు అసలు పరిమాణంలో 87వ వంతు ఉంటాయి. ఎల్‌ఈడీ ఎంపికలో ఈ నిష్పత్తిని గమనించాలి. సాధారణంగా దొరికే 3 మి.మీ. ఎల్‌ఈడీ ఈ లెక్కన 261 మి.మీ. వెడల్పు గల దీపంతో సమానం, అనగా చూపుకు మరీ పెద్దది. 1.6 × 0.8 మి.మీ. ఉండే ఉపరితల ఎల్‌ఈడీ 139 × 70 మి.మీ. దీపంతో సమానం కనుక చక్కగా నప్పుతుంది.

దీపాన్ని మెరిపించడానికి 555 టైమర్ ఐసీ అనువైనది. దీనిని హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించగా సిగ్నెటిక్స్ సంస్థ 1972లో విడుదల చేసింది. చిన్న బ్యాటరీతో నడపాలంటే తక్కువ విద్యుత్తు తీసుకునే సీమాస్ రకం 555 వాడాలి. కలపవలసిన విధానం ఇది.

- 8, 4 పిన్నులను బ్యాటరీ ధనాగ్రానికి, 1వ పిన్నును ఋణాగ్రానికి కలపాలి.
- ధనాగ్రానికి, 7వ పిన్నుకు మధ్య 10 కిలో ఓముల నిరోధం ఉండాలి.
- 7వ పిన్నుకు, 6వ పిన్నుకు మధ్య 68 కిలో ఓముల నిరోధం ఉండాలి.
- 6, 2 పిన్నులను ఒకదానికొకటి కలిపి, అక్కడి నుండి ఋణాగ్రానికి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి.
- ధనాగ్రం నుండి 560 ఓముల నిరోధం, ఎల్‌ఈడీల ద్వారా 3వ పిన్నుకు కలపాలి.

కెపాసిటర్ నిండి, ఖాళీ అయ్యే కాలమే దీపం లయ. మొత్తం కాలం = 0.693 × (మొదటి నిరోధం + 2 × రెండవ నిరోధం) × కెపాసిటర్ విలువ. పై విలువలతో ఇది సుమారు 1.01 సెకను. ఈ అమరికలో 3వ పిన్ను తక్కువ వోల్టేజీలో ఉన్నపుడు దీపం వెలుగుతుంది కనుక 0.47 సెకను వెలిగి, 0.54 సెకను ఆరి ఉంటుంది. లయ నెమ్మదించాలంటే రెండవ నిరోధాన్ని పెంచాలి.

3 వోల్టుల బిళ్ళ బ్యాటరీతో ఎల్‌ఈడీ గుండా సుమారు 2 మిల్లీఆంపియర్లు మాత్రమే ప్రవహిస్తుంది. సగం సేపు ఆరి ఉంటుంది కనుక 220 మిల్లీఆంపియర్-గంటల సీఆర్ 2032 బ్యాటరీ లెక్క ప్రకారం 150 గంటలకు పైగా రావాలి. పెట్టె అడుగున చిన్న స్విచ్ పెట్టుకుంటే ఆడనపుడు ఆపివేయవచ్చు.

పట్టాల నుండే విద్యుత్తు తీసుకోవాలంటే కొన్ని జాగ్రత్తలు అవసరం. డీసీ పద్ధతిలో బండి దిశ మార్చినపుడు ధన, ఋణ అగ్రాలు తారుమారవుతాయి కనుక నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఉండాలి. పట్టాల వోల్టేజీ 12 వోల్టుల వరకు పెరగగలదు కనుక ఎల్‌ఈడీ నిరోధాన్ని కూడా పెంచాలి. వేగం తగ్గితే వోల్టేజీ కూడా తగ్గి, బండి ఆగితే దీపం ఆరిపోతుంది. అసలు రైలులో దీపం అత్యవసరమయ్యేది ఆగి ఉన్నపుడే కనుక, నమూనాకు కూడా బ్యాటరీ పద్ధతే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

దీపాన్ని ఒక్క పెట్టెకే శాశ్వతంగా అతికించినచో ఆ పెట్టెను ఎల్లప్పుడూ చివరనే ఉంచాలి. అలా కాక చిన్న అయస్కాంతంతో తగిలించి తీసేలా చేస్తే, అసలు రైలులో వలెనే ఏ పెట్టె చివర ఉంటే దానికి మార్చుకోవచ్చు. బండి తిరుగుతున్నపుడు దీపం కనబడకపోతే పెట్టెలు ఎక్కడ విడిపోయాయో వెతకాలని పిల్లలు కూడా సులభంగా గ్రహించగలరు.

ఇవి కూడా చూడండి

- తాడేపల్లిగూడెం
- కొల్లేరు సరస్సు
- భారతీయ రైల్వేలు