కొత్త గుంతలో చేపపిల్లలు వదిలే ముందు నీటి పి.హెచ్. చూశారా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత రైతులకు సూచనలు

వానలు పడి, తుంగభద్ర దిగువ కాల్వకు నీళ్లొస్తే పడమటి మండలాల్లో గుంతలు నిండుతాయి. ఉపాధి హామీలో తవ్వుకున్న సేద్యపు కుంటలు, పంట సంజీవని గుంతలు, బోరు నీళ్లు నిల్వ చేసుకునే సిమెంటు తొట్లు, ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటి గుంతలు ఇప్పుడు చాలా ఊళ్లలో కనిపిస్తున్నాయి. పైరుకు పెట్టే నీళ్లలోనే నాలుగు చేపలు పెంచితే ఇంటి కూరకు, చేతి ఖర్చుకు ఆసరా అవుతుందని చిన్న రైతులు ముందుకు వస్తున్నారు. ఆలోచన మంచిదే. కానీ చాలామందికి మొదటి ఏడాదే దెబ్బ తగులుతోంది. 'సాయంత్రం వదిలినాము సార్, తెల్లారేసరికి అన్నీ తేలిపోయినాయి' అన్నమాట తరచూ వినపడుతుంది. పిల్లలు మంచివి కావనో, ఎవరో మందు కలిపినారనో అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం నీటి పి.హెచ్., అంటే ఉదజని సూచిక.

కరువు మండలంలో గుంతలో నీళ్లు నిలిచేది ఆరు, ఏడు నెలలే. ఒకసారి పిల్లలు చచ్చిపోతే మళ్లీ తెచ్చి వదిలే అదను ఉండదు. పిల్లల ఖర్చు, బండి బాడుగ, ఆ ఏటి ఆశ అన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. కాబట్టి పిల్లలు తెచ్చుకోక ముందే నీటి సంగతి తేల్చుకోవాలి.

ఉదజని సూచిక అంటే ఏమిటి?

నీళ్లు పులుపు గుణంతో ఉన్నాయా, సున్నపు గుణంతో ఉన్నాయా చెప్పే కొలత ఇది. 0 నుంచి 14 వరకు ఉంటుంది. 7 అయితే సమం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఈ కొలతలో ఒక్క అంకె మారితే తేడా పదింతలు. అంటే 9 ఉన్న నీళ్లు 8 ఉన్న నీళ్ల కంటే పదిరెట్లు క్షారం. అందుకే 'ఒక్క పాయింటే కదా' అని తీసిపారేయకూడదు.

బొచ్చె, రాగండి, ఎర్రమోసు వంటి మన చేపలకు 7 నుంచి 8.5 వరకు బాగుంటుంది. 9.5 దాటితే మేత తినడం, ఎదుగుదల తగ్గుతాయి. 11కు చేరితే చేప బతకదు. అటు 4కు దిగినా అంతే. మన ప్రాంతంలో ఆమ్లపు నీళ్లు అరుదు. మన బాధంతా పైకి పోయే పి.హెచ్.తోనే.

ఏ నీళ్లకు ఏ గుణం?

వాన నీళ్లు తేటవి, ఉప్పులు తక్కువ. కాల్వ నీళ్లు మధ్యస్థం. బోరు నీళ్లు రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి ఉండి ఉప్పులు కరిగించుకొని వస్తాయి. సబ్బు నురగ రాని, కుండకు తెల్లటి పొర కట్టే నీళ్లు కఠినమైనవి. నల్లరేగడిలో, చౌడు నేలల్లో వేసిన కొన్ని బోర్లలో సోడా ఉప్పు ఎక్కువ. అలాంటి నీళ్లు పైరుకే కాదు, చేపకూ ఇబ్బందే.

బోరు నీళ్లలో ఇంకో మాయ ఉంది. భూమి లోపల బొగ్గుపులుసు వాయువు నీళ్లలో కరిగి ఉంటుంది. అది ఉన్నంతసేపు పి.హెచ్. తక్కువగా చూపిస్తుంది. మోటరు వేసిన వెంటనే పరీక్షిస్తే 7.2 అని రావచ్చు. అదే నీళ్లు గాలి తగిలి, ఆ వాయువు ఎగిరిపోయాక మర్నాటికి 8.2కు చేరవచ్చు. రైతు 7.2 చూసి ధైర్యంగా పిల్లలు వదులుతాడు. పిల్లలు బతకాల్సింది మాత్రం 8.2లో. బోరు నీళ్లలో ప్రాణవాయువు కూడా దాదాపు ఉండదు. అందుకే నీళ్లు గుంతలోకి నేరుగా పడకుండా, ఎత్తు నుంచి రాళ్ల మీదో చిల్లుల రేకు మీదో పడి చిమ్మేటట్లు చూడాలి.

బకెట్ పరీక్ష

పి.హెచ్. చూడడానికి రంగు కాగితాలు, చుక్కల మందు పెట్టెలు దొరుకుతాయి. చుక్కల మందు కాగితం కన్నా నమ్మదగింది. చేసే పద్ధతి ఇది.

బోరు నీళ్లు ఒక వెడల్పాటి తొట్టిలో పట్టి వెంటనే పి.హెచ్. చూసి రాసుకోండి. తర్వాత ఆ నీళ్లను మధ్యమధ్య చెంబుతో ఎత్తిపోస్తూ 24 గంటలు ఆరుబయట ఉంచి మళ్లీ చూడండి. ఈ రెండో అంకే మీ నీటి అసలు గుణం.

గుంత నిండాక ఉదయం 6 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి చూడాలి. ఎందుకంటే నీళ్లలోని పచ్చనాచు పగటి ఎండలో బొగ్గుపులుసు వాయువును వాడేసుకుంటుంది. దాంతో మధ్యాహ్నానికి పి.హెచ్. పెరుగుతుంది. రాత్రి ఆ వాయువు మళ్లీ చేరి తెల్లారేసరికి తగ్గుతుంది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉంటే ఉదయం 8 ఉన్నది మధ్యాహ్నం 9.5 దాటినా ఆశ్చర్యం లేదు. ఉదయం మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది.

కొత్త సిమెంటు తొట్టికి తొందర వద్దు

కొత్తగా కట్టిన సిమెంటు తొట్టి నుంచి సున్నం ఊరుతూనే ఉంటుంది. అందులో నీళ్ల పి.హెచ్. 10, 11 వరకు పోవచ్చు. నీళ్లు తేటగా, చూడముచ్చటగానే ఉంటాయి. పిల్లలు మాత్రం గంటల్లో చస్తాయి. తొట్టి నిండా నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచి వదిలేయాలి. ఇలా మూడు, నాలుగు సార్లు చేయాలి. అరటి బోదె ముక్కలు గానీ పశువుల పేడ గానీ నీళ్లలో నానబెట్టి తర్వాత శుభ్రంగా కడిగేయడం అలవాటైన పద్ధతే. ఎన్నిసార్లు కడిగినాము అన్నది కాదు లెక్క. పెట్టిన నీళ్లు రెండు రోజుల తర్వాత కూడా 8.5 లోపు ఉంటేనే తొట్టి సిద్ధమైనట్లు. బేతంచెర్ల నాపరాళ్లతో కట్టుకున్న తొట్టిలోనూ ఇంతే. రాయితో పెద్దగా భయం లేదు, రాళ్ల మధ్య పూసిన కొత్త సిమెంటుతోనే జాగ్రత్త.

సున్నం అందరికీ కాదు

కోస్తా జిల్లాల చెరువులు చూసి వచ్చినవారు ఇక్కడ కూడా బస్తాల కొద్దీ సున్నం చల్లుతున్నారు. సున్నం వేసేది ఆమ్లపు నేలను సరిచేయడానికి. మన నల్లరేగడి మట్టి పి.హెచ్. మామూలుగానే 8కి అటూఇటూ ఉంటుంది. దానికి కాల్చిన సున్నం తోడైతే పి.హెచ్. ఒక్కసారిగా ఎగబాకుతుంది. మట్టి పరీక్షలో 7కు తక్కువ వస్తేనే సున్నం మాట ఎత్తండి. పురుగూ పుట్రా చచ్చేందుకు ఎండిన గుంతలో చల్లితే నీళ్లు పెట్టి కనీసం రెండు వారాలు ఆగి, పి.హెచ్. చూసి పిల్లలు వదలాలి.

పెరిగిన పి.హెచ్. దించేదెట్లా?

చింతపండు పులుసు, నిమ్మకాయలు, ఆసిడ్ పోయడం వంటివి చేయవద్దు. కఠినమైన నీళ్లలో కరిగిన ఉప్పులు పులుపును మింగేస్తాయి. పోసిన గంటలో పి.హెచ్. దిగుతుంది, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. చేపకు నిలకడగా ఉన్న 8.3 కంటే ఈ ఎక్కి దిగే పి.హెచ్. ఎక్కువ ప్రమాదం. బకెట్ పరీక్షలో 8.5 లోపు వస్తే దించే ప్రయత్నమే మానుకోండి.

అంతకు మించితే మొదటి మందు మంచి నీళ్లే. వాన నీళ్లు, కాల్వ నీళ్లు సగానికి సగం కలిసేటట్లు చూసుకోవాలి. వానకు నిండే గుంతను ముందే బోరు నీళ్లతో నింపేయకండి.

రెండోది జిప్సం. వేరుశనగకు ఊడలు దిగే వేళ వేసే జిప్సమే ఇది. సోడా గుణం ఎక్కువై కఠినత్వం తక్కువగా ఉన్న నీళ్లకే ఇది పనిచేస్తుంది. నీటి పరీక్షలో మొత్తం క్షారత్వం ఎంత, మొత్తం కఠినత్వం ఎంత అని రాయించుకోండి. క్షారత్వంలో నుంచి కఠినత్వం తీసివేసి, వచ్చిన దాన్ని రెండుతో గుణిస్తే వెయ్యి లీటర్లకు ఎన్ని గ్రాముల జిప్సం కావాలో తెలుస్తుంది. ఉదాహరణకు క్షారత్వం 300, కఠినత్వం 200 అయితే తేడా 100. వెయ్యి లీటర్లకు 200 గ్రాములు. పది సెంట్ల గుంతలో నాలుగడుగుల నీళ్లుంటే సుమారు 5 లక్షల లీటర్లు. దానికి 100 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు రెండు చాలు. కఠినత్వమే ఎక్కువగా ఉంటే జిప్సం వేసినా డబ్బు దండగే. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది కనుక పిల్లలు వదలడానికి ముందే వేసుకోవాలి.

మూడోది నాచును అదుపులో పెట్టడం. నీళ్లు బాగా పచ్చబడితే పేడ, ఎరువులు వేయడం ఆపేయాలి. యూరియా అసలే వద్దు.

కనపడని విషం అమ్మోనియా

చేపల మలం, మిగిలిన మేత, యూరియా నుంచి నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. పి.హెచ్. తక్కువైతే అది పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది, పెరిగితే విషంగా మారుతుంది. వెచ్చటి నీళ్లలో పి.హెచ్. 7 వద్ద ఉన్న అమ్మోనియాలో విషపు పాలు నూటికి ఒకటి కూడా ఉండదు. 8 వద్ద నూటికి ఆరేడు పాళ్లు, 9 వద్ద సుమారు 40 పాళ్లు. మన నీళ్లలో మేత ఎక్కువ వేయడం, పిల్లలు ఎక్కువ వదలడం అందుకే చేటు. ఎకరాకు 2 వేల పిల్లలకు మించవద్దు. పది సెంట్లకు 200. వాటిలో బొచ్చె 80, రాగండి 60, ఎర్రమోసు 60 చొప్పున కలుపుకోవచ్చు. నీళ్లు ఆరు నెలలే ఉండే గుంతకు సన్న పిల్లలు కాక 50 గ్రాములు దాటిన ఏడాది పిల్లలు తెచ్చుకుంటే నీళ్లు ఎండేలోపు అమ్మకానికి వస్తాయి.

పిల్లలను వదిలే పద్ధతి

• కొనే చోట ముందురోజు పిల్లలకు మేత పెట్టకుండా ఉంచి ప్యాక్ చేయమని అడగండి. కడుపు ఖాళీగా ఉంటే సంచిలో అమ్మోనియా తక్కువ పుడుతుంది.

• కైకలూరు వైపు నుంచి తెచ్చేవారు రాత్రి ప్రయాణం పెట్టుకోండి.

• ఒకరోజు ముందు గుంతలో చిన్న వల కట్టి పది పిల్లలను ఉంచి చూడగలిగితే అంతకు మించిన పరీక్ష లేదు. 24 గంటలు హుషారుగా ఉంటే మిగిలినవి తెప్పించండి.

• ఉదయం 7 నుంచి 9 గంటల మధ్య వదలాలి. మధ్యాహ్నం ఎండలో పి.హెచ్. శిఖరాన ఉంటుంది.

• సంచి మూతి విప్పకుండా గుంత నీళ్లపై 20 నిమిషాలు తేలనివ్వండి. రెండు నీళ్ల వేడి సమానమవుతుంది.

• దగ్గరి నుంచి రెండు మూడు గంటల్లో తెచ్చినవైతే మూతి విప్పి, ఐదు నిమిషాలకు ఒక చెంబు చొప్పున గుంత నీళ్లు కలుపుతూ అరగంట ఆగండి. సంచి నీటికి, గుంత నీటికి పి.హెచ్. తేడా ఒకటి దాటితే గంటసేపు చేయండి.

• రాత్రంతా ప్రయాణించిన సంచి సంగతి వేరు. అందులో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. క్షారపు నీళ్లు తగిలితే అది విషమవుతుంది. కాబట్టి సంచి విప్పాక ఆలస్యం చేయకుండా పిల్లలను చేతివలతో తీసి, వాన నీళ్లు లేదా కాల్వ నీళ్లు పట్టి ఉంచిన తొట్టిలో వేయండి. ఆ నీళ్ల వేడి కూడా సంచి నీటితో సమానంగా ఉండాలి. ఆ తొట్టిలోకి గుంత నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. సంచి నీళ్లను గుంతలో పోయవద్దు.

పిల్లలు గట్టుకు చేరి నోళ్లు తెరుస్తున్నా, ఒంటి మీద జిగురు ఎక్కువగా కనిపిస్తున్నా మేత ఆపి, మంచి నీళ్లు పెట్టి, నీళ్లను చిమ్మించాలి.

ఇంట్లో గాజు తొట్టి పెట్టుకునేవారికి

పిల్లల ముచ్చటకు రంగు చేపల తొట్టి పెట్టేవారు కుళాయి నీళ్లను నేరుగా పోయకూడదు. అందులో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి పాత్రలో 24 గంటలు ఆరుబయట ఉంచి వాడాలి. గవ్వలు, పాలరాతి ముక్కలు, సున్నపు రాళ్లు వేస్తే పి.హెచ్. పెరుగుతుంది. కడిగిన నల్ల గులకరాళ్లు మేలు. మన కఠినమైన నీళ్లకు గప్పీ, మోలీ చేపలు చక్కగా తట్టుకుంటాయి. కొత్త తొట్టిలో అమ్మోనియాను తినే మేలుచేసే సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా రెండు మూడు చేపలతోనే సరిపెట్టుకుని, వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి.

పరీక్షకు ఎక్కడికి పోవాలి?

లీటరు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా నింపి, మూత బిగించి అదే రోజు తీసుకుపోవాలి. ఎమ్మిగనూరు మండలం బనవాసిలోని కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను, మత్స్యశాఖ అధికారులను, మీ ఊరి రైతు సేవా కేంద్రం సిబ్బందిని అడిగితే దారి చూపుతారు. పైరుకు విత్తనం వేసే ముందు పదును చూడని రైతు ఉండడు. చేపకు నీళ్లే నేల. ఆ పదును చూసుకున్నాకే పిల్లలకు చెప్పి పంపండి.