ఎక్స్-కిరణ మూలాల దృశ్యకాంతి గుర్తింపు

ఆకాశంలో ఎక్స్-కిరణాలను వెలువరించే ఒక మూలం, మామూలు దూరదర్శినిలో కనబడే ఏ నక్షత్రమో లేక ఏ గెలాక్సీయో నిర్ధారించే ప్రక్రియను దృశ్యకాంతి గుర్తింపు అంటారు. ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రంలో ఇది చాలా ముఖ్యమైన పని. మసక మూలం నుండి ఉపగ్రహానికి చేరేవి కొన్ని పదుల ఫోటాన్లు మాత్రమే కావచ్చు. వాటిని బట్టి ఆ మూలం ఎంత దూరంలో ఉన్నదో సాధారణంగా చెప్పలేము. దూరం తెలియనిదే అసలు తేజస్సు తెలియదు. దగ్గరలోని చిన్న నక్షత్రమైనా, వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని క్వాసార్ అయినా ఒకే విధమైన చుక్కగా కనబడవచ్చును.

చరిత్ర

1962 జూన్ 18న రికార్డో జకోనీ బృందం ప్రయోగించిన రాకెట్, వృశ్చికరాశిలో స్కార్పియస్ ఎక్స్-1 అనే మూలాన్ని కనుగొన్నది. ఆకాశమంతటా పరచుకొని ఉన్న ఎక్స్-కిరణ నేపథ్యం కూడా అప్పుడే బయటపడింది. 1966లో స్కార్పియస్ ఎక్స్-1 స్థానాన్ని మరింత ఖచ్చితంగా కొలిచిన తరువాత, టోక్యో, పాలోమార్ వేధశాలల వారు అక్కడ సుమారు 13వ ప్రకాశ తరగతికి చెందిన నీలి నక్షత్రాన్ని గుర్తించారు. అది దృశ్యకాంతి కంటె సుమారు వెయ్యి రెట్లు శక్తిని ఎక్స్-కిరణాలుగా వెలువరిస్తుంది. సూర్యుని విషయంలో ఎక్స్-కిరణాల వాటా పది లక్షలలో ఒక వంతు మాత్రమే. కనుక ఇది కొత్త రకం వస్తువని తేలింది. ఇది ఒక న్యూట్రాన్ తార, దాని సహచర తార కలిసిన జంట అని తరువాత తెలిసింది.

గుర్తించే విధానం

మొదట ఎక్స్-కిరణ చిత్రాన్ని, దృశ్యకాంతి చిత్రాన్ని ఒకే కొలతకు సరిచేస్తారు. తరువాత మూలం చుట్టూ స్థాన దోషానికి తగిన వృత్తం గీచి, అందులోని వస్తువులను పరిశీలిస్తారు. వృత్తం వ్యాసార్ధం 10 ఆర్క్ సెకన్లయితే అందులో అనేక మసక గెలాక్సీలు పడవచ్చు. వ్యాసార్ధం 1 ఆర్క్ సెకనుకు తగ్గితే వైశాల్యం నూరవ వంతు అవుతుంది.

అయినా అన్నిటికంటె దగ్గరగా ఉన్నదే సరైనదని చెప్పలేము. ప్రకాశవంతమైన వస్తువులు అరుదు కాబట్టి, అటువంటిది యాదృచ్ఛికంగా వృత్తంలో పడే అవకాశం తక్కువ. మసక గెలాక్సీలు ఎక్కడ చూసినా ఉంటాయి. అందువలన దూరాన్ని, ప్రకాశాన్ని కలిపి సంభావ్యతను లెక్కిస్తారు.

ఎక్స్-కిరణ ప్రవాహానికీ దృశ్యకాంతి ప్రవాహానికీ గల నిష్పత్తి మరొక ఆధారం. క్రియాశీల గెలాక్సీ కేంద్రాలలో ఇది సాధారణంగా 0.1 నుండి 10 వరకు ఉంటుంది. మామూలు నక్షత్రాలలో, గెలాక్సీలలో చాలావరకు ఇంతకంటె తక్కువ. చివరకు వర్ణపటం తీసి, అరుణ విస్థాపనాన్ని కొలిచి దూరాన్ని నిర్ణయిస్తారు. వర్ణపటానికి అందనంత మసకగా ఉన్నవాటికి అనేక వడపోతలతో తీసిన చిత్రాల ద్వారా దూరాన్ని అంచనా వేస్తారు.

ఫలితాలు

ఎక్స్-కిరణ నేపథ్యం ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఈ గుర్తింపుల వలననే లభించింది. 1990లో ప్రయోగించిన రోసాట్ ఉపగ్రహం, సప్తర్షి మండలం దిశలోని లాక్‌మన్ రంధ్రం అనే ప్రాంతంలో చూసిన మసక మూలాలలో అధికభాగం క్రియాశీల గెలాక్సీ కేంద్రాలని తేలింది. 1999లో ప్రయోగించిన చంద్రా వేధశాలకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టారు. దాని స్పష్టత సుమారు 0.5 ఆర్క్ సెకను. పూర్ణచంద్రుని కంటె చిన్నదైన ఒక దక్షిణాకాశ భాగాన్ని అది మొత్తం 70 లక్షల సెకన్లు పరిశీలించింది. 2017లో ప్రచురించిన పట్టికలోని 1,008 మూలాలలో 992 మూలాలకు ఇతర తరంగదైర్ఘ్యాలలో జతలు దొరికాయి. సుమారు 70 శాతం మూలాలు, పదార్థాన్ని మింగుతున్న భారీ కృష్ణబిలాలు గల గెలాక్సీలు. ధూళి కప్పివేయడం వలన దృశ్యకాంతిలో కనబడని కొన్నిటిని పరారుణ చిత్రాలలోనే గుర్తించగలిగారు. ఈ రంగానికి పునాది వేసిన జకోనీకి 2002లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

2024లో విడుదలైన ఇరోసిటా పట్టికలో సుమారు 9 లక్షల మూలాలు ఉన్నాయి. అన్నిటికీ విడివిడిగా వర్ణపటాలు తీయడం కష్టం. కనుక సంభావ్యత లెక్కల అవసరం ఇంకా పెరిగింది.