గళ్లలో ఇమడని తెలుగు అక్షరం

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం వెలసినది. 1959లో అక్కడి తొలి కొలిమి రాజుకొన్నది. కర్మాగారంతోపాటు పెరిగిన ఆ పట్టణంలో తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడినవి. వీధిలోనూ బడిలోనూ నాగరిలిపియే ఎక్కువగా కనబడే ఊరిలో తెలుగు లిపికి ఇల్లే ఆశ్రయం. నేడు ఇంటిలో చదువు చాలావరకు కంప్యూటరు తెరమీదనే సాగుతున్నది. కావున ఆ తెరపై తెలుగు చదువదగినట్లుండుట స్వల్పవిషయం కాదు.

కంప్యూటరులో టెర్మినల్ అనే కిటికీ ఒకటి కలదు. బొమ్మల ప్రమేయం లేక, కేవలం వ్రాతతోనే ఆజ్ఞలిచ్చి జవాబులు పొందే చోటు అది. 1978లో వెలువడిన వి.టి.100 యంత్రంలో వరుసకు 80 గళ్లు, తెరకు 24 వరుసలు, గడికొక అక్షరం. యంత్రాలు మారినా ఆ గళ్లపద్ధతి నిలిచియే ఉన్నది. ఇంగ్లీషుకు అది సరిపోయినది. హీబ్రూ కుడినుండి ఎడమకు నడిచినా, దాని 22 అక్షరాలూ, పదాంతంలో వచ్చే 5 ప్రత్యేక రూపాలూ విడివిడిగానే నిలుస్తాయి. దిక్కు సరిచేస్తే అవీ గళ్లలో కుదురుకొంటాయి.

తెలుగు సంగతి వేరు. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడులో అది ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కలిపి, ఒత్తులను అడుగున చేర్చి, ఒక్క రూపంగా కూర్చవలె. ఆ కూర్పు తెలియని టెర్మినల్ అక్షరాన్ని ముక్కలు చేసి గళ్లలో పరుస్తుంది.

తెర సూక్ష్మత పెరిగినంతమాత్రాన ఈ లోపం తీరదు. బిందువులు రెండింతలు దట్టమైతే, 16 బిందువుల ఎత్తుగల పాత అక్షరం సగానికి కుదించుకుపోతుంది. ఒత్తు చీమ తలకాయంత అవుతుంది. ఎత్తును 32 బిందువులకు పెంచినప్పుడే పూర్వపు పరిమాణం తిరిగివచ్చి వంపులు తేటపడతాయి. అయితే లినక్స్ మూలతెర ఒక్కసారికి 512 రూపాలకు మించి పట్టదు, కూర్పూ ఎరుగదు. అక్కడ ఎంత గొప్ప తెరయైనా నిష్ప్రయోజనమే.

అందుచేత బహులిపుల కొరకు వ్రాయబడిన ఎం.ఎల్.టెర్మ్ వంటి టెర్మినలును ఎంచుకొని, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును అమర్చి, పరిమాణమూ వరుసల నడుమ ఎడమూ పెంచుట ఉచితం. అక్షరాన్నిబట్టి గడి వెడల్పు మారే ఏర్పాటు చేసుకొంటే పట్టికలలోని నిలువు వరుసలు కొంత చెదరవచ్చును. కాని అక్షరం చెదరదు. ‘జ్యోత్స్న’, ‘రాష్ట్రం’ వంటి మాటలు వ్రాసి చూచుకొంటే అమరిక మంచిచెడ్డలు వెంటనే తెలుస్తాయి. గడికొరకు అక్షరాన్ని విరుచుటకంటె అక్షరానికై గడిని సడలించుటే న్యాయం.